తలకి పట్టీ కట్టే ముందు ఒకసారి మా గదికి రండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు నడుపుతున్న యాజమాన్యాల వారికి,

నమస్కారం.

నేను సూర్యారావుపేటలో ఈఈజీ, అంటే మెదడు విద్యుత్తుని గీతలుగా చూపించే పరీక్ష, తీసే మనిషిని. డాక్టర్ని కాదు, టెక్నీషియన్ని. 28 ఏళ్లుగా జనం తలలకి వైర్లు అంటించి, వచ్చిన గీతల్ని డాక్టరుగారి ముందు పెట్టడం నా పని. ఫిట్స్ వచ్చాయని గుడివాడ నుంచి, తిరువూరు నుంచి, సత్తెనపల్లి నుంచి తీసుకొచ్చే పిల్లలే ఎక్కువ. మీ హాస్టళ్ల పిల్లల్ని కూడా చాలామందిని చూశాను. వాళ్ల గురించే ఈ ఉత్తరం.

కిందటి నెల మీలో ఒకరి క్యాంపస్‌లో ఒక డెమో జరిగింది. పిల్లల నుదుటికి ఒక పట్టీ కడితే, ఎవరు పాఠం వింటున్నారో, ఎవరి ధ్యాస ఎక్కడుందో, ఎవరు టెన్షన్‌లో ఉన్నారో డీన్ గారి ఫోన్‌లో కనపడుతుందని అమ్మకానికి వచ్చినవాళ్లు చెప్పారు. పట్టీలు సరిగ్గా కట్టడానికి ఈ పని తెలిసినవాడు ఒకడుంటే మంచిదని నన్ను పిలిచారు. భోజనం పెట్టారు, దారి ఖర్చులిచ్చారు, మర్యాదకి లోటు లేదు. ఏ కాలేజీయో చెప్పను. చెప్పినా లాభం లేదు, ఎందుకంటే వచ్చినవాళ్ల దగ్గరున్న లిస్టులో మీ అందరి పేర్లూ ఉన్నాయి. ఇవాళ కాకపోతే రేపు మీ గేటు దగ్గరికీ వస్తారు. వాళ్ల కన్నా ముందు నా ఉత్తరం చేరాలని రాస్తున్నాను.

ఎంపీసీ ఫస్టియర్ పిల్లల్ని 12 మందిని కూర్చోబెట్టారు. ఫిజిక్స్ సారు బోర్డు మీద లెక్క మొదలుపెట్టారు. తెర మీద ఒక్కొక్కరికీ ఒక నంబరు, పక్కన ఒక రంగు. ఆకుపచ్చ అయితే శ్రద్ధ, ఎరుపు అయితే పరధ్యానం. ముందు వరసలో ఒక కుర్రాడికి మొదట్నుంచీ ఆకుపచ్చే. "చూడండి సార్, టాపర్ బ్రెయిన్ ఇలా ఉంటుంది" అన్నారు. నేను వాడి పక్కనే ఉన్నాను. వాడు పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాడు. చెవి ముందు కండ టకటకా కొట్టుకుంటోంది. కిటికీ దగ్గరున్న ఇంకో కుర్రాడికి ఎరుపు. వాడు కళ్లు మూసుకుని, వేలితో గాల్లో ఏదో గీసుకుంటున్నాడు. సారు సగం లెక్కలో ఉండగానే జవాబు చెప్పేసింది వాడే. మూడో అమ్మాయికి నంబరే రాలేదు. బిగించాను, వదులు చేశాను, తుడిచి మళ్లీ కట్టాను, రాలేదు. పొద్దున్నే తలకి శుభ్రంగా కొబ్బరినూనె పట్టించి, నుదుటి దాకా మెరుస్తుండగా రెండు జడలేసుకుని వచ్చిందా పిల్ల. ఆమె పేరు పక్కన "సహకరించలేదు" అని రాసుకున్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నూనె పెట్టుకోవడం సహకరించకపోవడం ఎప్పటినుంచి అయిందండీ?

ఈ ముగ్గురి విషయంలోనూ యంత్రం చెడిపోలేదు. దానికి తగిలినదాన్ని అది చూపించింది. తగిలినదానికి పెట్టిన పేరు తప్పు. నాకు తెలిసిన పని కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఓపిక పట్టండి.

మెదడు నుంచి నెత్తిమీద చర్మం దాకా వచ్చే విద్యుత్తు 10 నుంచి 100 మైక్రోవోల్టులు. గోడ గడియారంలో వేసే సెల్లు ఒకటిన్నర వోల్టు. మేం రోజూ చూసే 50 మైక్రోవోల్టుల గీత, ఆ సెల్లులో 30 వేలో వంతు. పుర్రె ఎముకనీ చర్మాన్నీ దాటుకుని వచ్చేసరికి మిగిలేది అంతే. అదైనా లక్షల నరకణాలు ఒకే తాళంలో పనిచేస్తేనే. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద నిలబడి కింది రొద వింటే రద్దీగా ఉందో లేదో చెప్పగలం. ఏ ఆటోలో ఎవరు ఏం మాట్లాడుకుంటున్నారో చెప్పలేం. ఈఈజీతో వినగలిగింది ఆ రొదనే.

ఆ కాస్త రొద కోసం మేం పడే తిప్పలు చూడండి. ముందు రోజు తలంటుకుని రమ్మంటాం, నూనె రాయొద్దంటాం. వచ్చాక టేపు పెట్టి ముక్కు మొదలు నుంచి తల వెనక బొడిపె దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కొలుస్తాం. ఆ కొలతలో 10 శాతం, 20 శాతం దూరాల్లో గుర్తులు పెడతాం. ఈ పద్ధతి 1958 నుంచి ప్రపంచమంతా ఒకటే. గుర్తు పెట్టిన 21 చోట్లా వెంట్రుకలు పాయ తీసి, చర్మం రుద్ది, పేస్టు పెట్టి, వైర్ల కొసలు అంటిస్తాం, వాటినే లీడ్లు అంటాం. నేను చేరిన కొత్తలో పెన్నులతో కాగితం మీద గీసే మిషన్లు ఉండేవి. సెకనుకు 30 మిల్లీమీటర్ల కాగితం నడిచేది. ఇరవై నిమిషాల పరీక్షకి 36 మీటర్లు. ఆ కాగితమంతా నేల మీద పరుచుకుని ఎక్కడెక్కడ దొంగ గీతలున్నాయో ఎర్ర పెన్సిల్‌తో గుర్తులు పెట్టేవాణ్ణి.

దొంగ గీతలన్నది నా మాట. డాక్టర్లు ఆర్టిఫాక్ట్ అంటారు. కనురెప్ప వేస్తే ఒక పెద్ద అల వస్తుంది. కనుగుడ్డు ముందువైపు ప్లస్సు, వెనకవైపు మైనస్సు ఉన్న చిన్న బ్యాటరీ లాంటిది. అది కదిలితే మెదడు గీతలన్నీ దాని కింద మునిగిపోతాయి. దవడ బిగిస్తే గీత నల్లగా చిక్కబడిపోతుంది. గుటక వేసినా, నాలుక కదిపినా ఏదో ఒకటి కనపడుతుంది. ఫ్యాన్లో, ట్యూబులైట్లో ఉండే 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు ఎప్పుడూ సన్నగా తొంగిచూస్తూనే ఉంటుంది. ఇక చెమట. రోహిణి కార్తెలో కరెంటు పోయి ఏసీ ఆగిందంటే ఐదు నిమిషాల్లో గీతలన్నీ కృష్ణలో పడవల్లా మెల్లగా పైకీ కిందికీ ఊగడం మొదలవుతాయి. మన ఊరిని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. టెక్నీషియన్‌కి ఇచ్చే జీతంలో సగం ఈ దొంగల్ని పట్టుకున్నందుకే.

మరి వాళ్ల పట్టీ ఎక్కడ కడతారు? నుదుటి మీద. అక్కడే ఎందుకంటే అక్కడ జుట్టు ఉండదు గనక, పేస్టు అక్కర్లేదు గనక. అంటే అమ్మేవాడికి సులువని ఆ చోటు ఎంచుకున్నారు. కళ్లకీ, నుదుటి కండకీ అంత దగ్గర చోటు తల మొత్తం మీద ఇంకోటి లేదు. దొంగలుండే సందులోనే పోయి దుకాణం తెరిచినట్టు ఉంది.

ముందు వరస కుర్రాడి సంగతి అదీ. 13 నుంచి 30 హెర్ట్జ్ మధ్య వచ్చే గీతల్ని బీటా అంటారు. ఆ యంత్రం బీటా ఎక్కువైతే శ్రద్ధ అని లెక్క కడుతోందని వాళ్లే చెప్పారు. దవడ కండ బిగిస్తే వచ్చే అలజడి కూడా ఆ మేరలోకి వచ్చి పడుతుంది. వాడు భయంతో పళ్లు బిగబట్టాడు, యంత్రం వాణ్ణి టాపర్ని చేసింది. కిటికీ పక్క కుర్రాడు కళ్లు మూశాడు. కళ్లు మూస్తే 8 నుంచి 13 హెర్ట్జ్ ఆల్ఫా లేస్తుంది. ఇది మాకు మొదటి రోజు నేర్పే పాఠం. మనసులో లెక్క చేసుకుంటూ కళ్లు మూసినవాడికీ, నిద్రకి కళ్లు మూసినవాడికీ మొదటి క్షణాల్లో కనపడేది అదే ఆల్ఫా. యంత్రానికి ఇద్దరూ పరధ్యానమే.

ఆల్ఫా అంటే ఒక కథ గుర్తొస్తుంది. జర్మనీలో యేనా అనే ఊళ్లో హన్స్ బెర్గర్ అని ఒక మానసిక వైద్యుడు ఉండేవాడు. మనిషి తల మీంచి ఈ గీతల్ని మొదట తీసింది ఆయనే, 1924లో. ఐదేళ్లు తనలో తానే అనుమానపడి 1929లో అచ్చు వేయించాడు. అప్పుడు కూడా చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్, మాథ్యూస్ అనే శాస్త్రవేత్తలు చేసి చూపించాక గానీ లోకం ఒప్పుకోలేదు. ఆయన ఈ పనిలోకి ఎందుకొచ్చాడంటే, కుర్రతనంలో సైన్యంలో ఉండగా గుర్రం మీంచి పడి వెంట్రుకవాసిలో చావు తప్పింది. ఆ రోజే ఎక్కడో దూరాన ఉన్న తోబుట్టువు మనసు కీడు శంకించి, తండ్రి చేత టెలిగ్రాం ఇప్పించింది. ఒక మనసు నుంచి ఇంకో మనసుకి ఏదో వెళ్లిందని, అదేంటో పట్టుకోవాలని ఆయన చదువు మార్చుకుని వైద్యంలో చేరాడు. వెతికింది మనసుల మధ్య వంతెన, దొరికింది కళ్లు మూస్తే వచ్చే ఆల్ఫా. వంద ఏళ్ల తర్వాత అదే ఆల్ఫాని చూపించి మళ్లీ మీకు ఆ వంతెనే అమ్మచూపుతున్నారు.

డాక్టర్లకైనా ఈ విషయంలో తొందరపాటు తప్పలేదు. తీటా అనే నెమ్మది గీతలకీ బీటాకీ ఉన్న నిష్పత్తి చూసి, పిల్లల్లో ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీ అనే సమస్యని నిర్ధారించడానికి సాయపడే ఒక పరికరానికి అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది, అదీ డాక్టరు పరీక్షకి తోడుగా మాత్రమే. 2016లో అక్కడి న్యూరాలజీ అకాడమీ, పరిశోధనలో తప్ప రోగనిర్ధారణకి ఆ నిష్పత్తిని వాడొద్దని చెప్పింది. పద్ధతిగా లీడ్లు పెట్టి, పక్కన నిపుణుడుండి చేసిన పనికే ఆ గతి పడితే, నుదుటి మీద రెండు బిళ్లలున్న పట్టీ సంగతి మీరే ఆలోచించండి.

పట్టీతో పాటు చేతి కడియం కూడా చూపించారు. అరచేతి చెమట, నాడి చూసి స్ట్రెస్ చెప్తుందట. దీని వెనక ఉన్న శాస్త్రం నిజమే. మనసు ఉలిక్కిపడితే ఒకటి నుంచి మూడు సెకన్లలో అరచేతి చర్మం చెమరుస్తుంది, అక్కడ విద్యుత్తు సులువుగా పారుతుంది. దీన్ని 19వ శతాబ్దం చివర్లోనే కొలిచారు. నాడి కూడా గడియారంలా ఒకే దూరంలో కొట్టుకోదు. ఊపిరి పీలిస్తే కాస్త వేగం, వదిలితే కాస్త నెమ్మది. బెదిరిన మనిషిలో ఆ తేడా తగ్గుతుంది. ఇదంతా కొలవొచ్చు. కానీ కొలిచేది ఒంటికి తగిలిన ఊపుని. ఆ ఊపు ఎందుకొచ్చిందో చర్మానికి తెలియదు.

మన భాషకి ఇది ముందే తెలుసు. రోమాలు నిక్కబొడుచుకుంటే, అది సంతోషానికైతే పులకరింత అంటాం, భయానికైతే జలదరింపు అంటాం. చర్మం చేసేది ఒక్కటే పని. కారణం తెలుసు గనక మనం రెండు పేర్లు పెట్టుకున్నాం. కారణం తెలియని కడియానికి ఒక్కటే పేరు తెలుసు, స్ట్రెస్.

మా అమ్మాయి చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. ఇక్కడి నుంచి గంటన్నర దూరం కూచిపూడి ఊరు, సెలవుల్లో తీసుకెళ్లేవాణ్ణి. బయట అరుగు మీద కూర్చుంటే గురువుగారు సాత్త్విక భావాలు, అంటే మనసు కదిలితే ఒంట్లో కనపడే గుర్తులు, చెప్తుండగా వినపడేది. స్తంభం (కొయ్యబారడం), స్వేదం (చెమట), రోమాంచం, స్వరభేదం (గొంతు మారడం), వేపథువు (వణుకు), వైవర్ణ్యం (రంగు మారడం), అశ్రువు (కన్నీరు), ప్రళయం (స్పృహ తప్పడం). ఎనిమిది. నాకు నవ్వొచ్చేది, ఇవన్నీ మా ఐసీయూ చార్టులో ఉండేవే కదా అని. భరతుడు నాట్యశాస్త్రంలో స్వేదానికి కారణాలు చెప్తూ కోపం, భయం, హర్షం, సిగ్గు, దుఃఖం, శ్రమ, రోగం, తాపం అంటూ పోతాడు. ఒక్క చెమటకి ఇన్ని. చివరి తాపం ఒక్కటి చాలు, మే నెలలో మీ రేకుల షెడ్డు స్టడీ హాల్లో ఆ కడియం పెట్టుకున్న ప్రతి పిల్లా స్ట్రెస్ లిస్టులోకి ఎక్కడానికి. ఆ చెమట ఏ భావానిదో నర్తకి కళ్లు, చేతులు, పాట కలిస్తే గానీ చూసేవాడికి తెలియదు. పాట లేకుండా చెమట ఒక్కటే చూసి రసం చెప్తానంటే ఆ గురువుగారు తాళం కర్ర అందుకునేవారు.

ఇంకొక చిక్కుంది. కొలుస్తున్నారని తెలిస్తేనే ఒంట్లో ఊపు మారుతుంది. నంబరు తగ్గితే డీన్ గారు పిలుస్తారని తెలిసిన పిల్లాడి అరచేయి ఎలా ఉంటుంది?

చట్టం సంగతి నాకు తెలిసినంత చెప్తాను, మిగతాది మీ లాయర్లని అడగండి. 2008లో పుణేలో ఒక హత్య కేసులో మెదడు గీతల పరీక్షని కూడా సాక్ష్యంగా తీసుకుని శిక్ష వేశారు, ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. తర్వాత 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మందిచ్చి నిజం చెప్పించే నార్కో, అబద్ధం పట్టే పాలిగ్రాఫ్, మెదడు గీతల పరీక్షలు మనిషి ఇష్టం లేకుండా చేయకూడదని తేల్చింది. ఆ తీర్పు నేరం మోపబడ్డవాళ్లకి కూడా రక్ష. హత్యానేరం మీదున్నవాడి తలకి వాడు ఒప్పుకోకుండా పెట్టకూడని వైరుని, లెక్కల క్లాసులో కూర్చున్న పదహారేళ్ల పిల్ల తలకి పెడతామంటున్నారు. తల్లిదండ్రుల సంతకం తీసుకుంటామని డెమోలో అన్నారు. అడ్మిషన్ ఫారంలో ఇరవయ్యో పేజీలో ఉండే సంతకం ఎలా జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మా తమ్ముడి కొడుకుని చేర్పించినప్పుడు నేనూ చదవకుండానే పెట్టాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందర్నీ పిల్లలనే అంటుంది, వాళ్ల ప్రవర్తన మీద నిఘా వద్దంటుంది. మినహాయింపులకి అందులో దారి ఉంది. మినహాయింపు దొరికితే నిఘా కాకుండా పోతుందా? చైనాలో 2019లో ఒక ప్రాథమిక పాఠశాలలో సరిగ్గా ఇలాంటి పట్టీలే, రంగు లైట్లతో సహా పెట్టారు. అక్కడి జనమే గొడవ చేస్తే ఆపేశారు. ఐరోపా కూటమి దేశాల్లోనైతే, వైద్యానికీ భద్రతకీ తప్ప, బడుల్లో పిల్లల ఉద్వేగాల్ని యంత్రాలతో ఇలా అంచనా కట్టడం 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధం.

ఇంతవరకూ చదివి, "వీడికి కొత్తదంటే గిట్టదు" అనుకుంటారేమో. డెమో అయ్యాక ప్రిన్సిపాల్ గారు నన్ను పక్కకి తీసుకెళ్లి ఒక మాట అన్నారు. అది మాత్రం నేను మర్చిపోలేదు. "మార్కుల కోసం కాదండీ. పిల్లలు నోరు విప్పరు. ఏదైనా జరిగాక వాళ్ల అమ్మానాన్నల మొహం చూడలేకపోతున్నాం. ముందే తెలిస్తే ఒక్క ప్రాణమన్నా నిలబడుతుంది కదా." ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన మంచివాడు. ఈ ఉత్తరంలో ఎక్కడన్నా గొంతు పెరిగితే అది ఆయన మీద కాదు.

ఆయనకి అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇది. ఊరికే లెక్క కోసం అనుకుందాం. క్యాంపస్‌లో 2,000 మంది పిల్లలు. అందులో నిజంగా ప్రమాదంలో ఉన్నవాళ్లు 10 మంది. యంత్రం నూటికి 90 సార్లు కరెక్టని, లేని గొప్ప కూడా దానికి ఇచ్చేద్దాం. ఆ పదిమందిలో 9 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 1,990 మందిలో నూటికి పదిమంది చొప్పున 199 మందిని పొరపాటున పట్టుకుంటుంది. మొత్తం 208 పేర్లు మీ ఫోన్‌లో ఎర్రగా వెలుగుతాయి. తొమ్మిదిమందెవరో తెలియాలంటే 208 మందితోనూ ఒక్కొక్కరిగా కూర్చుని మాట్లాడాలి. ఎవరు మాట్లాడతారు? వార్డెనా? అలా మాట్లాడే మనిషి మీ దగ్గర ఉంటే, ఆ మనిషికి పట్టీ అక్కర్లేదు. లేకపోతే, ఆ 208 పేర్లు ఎందుకు? పదో పిల్లాడి పేరు పక్కన ఆకుపచ్చ ఉంటుంది, అందరూ నిశ్చింతగా ఉంటారు. నాకు అన్నిటికన్నా ఆ ఆకుపచ్చంటేనే భయం.

ఇప్పుడు ఈ గీతలు ఒట్టు పెట్టి చెప్పగలిగిన మానసిక స్థితి ఒకటుంది. అది చెప్తాను. నిద్ర.

కునుకు పడుతుంటే ఆల్ఫా చెదిరిపోతుంది. కళ్లు మూసిన రెప్పల కింద మెల్లగా దొర్లుతాయి. తీటా వస్తుంది. కాసేపటికి 12 నుంచి 14 హెర్ట్జ్ గీతలు గుత్తిగా, మధ్యలో లావుగా కొసల్లో సన్నగా వస్తాయి. మంగళగిరి నేతగాళ్ల కండెలా ఉంటుంది ఆ ఆకారం, ఇంగ్లీషులోనూ వాటి పేరు స్పిండిలే. అందులో అనుమానం ఉండదు, దొంగ గీత కాదది. ఫిట్స్ పరీక్షకి వచ్చేవాళ్లని ముందు రాత్రి నాలుగు గంటలకి మించి పడుకోవద్దని చెప్పి పంపుతాం. నిద్ర చాలని మెదడులో దాక్కున్న ఫిట్స్ గుర్తులు బయటపడతాయి, పరీక్షలో కునుకూ పడుతుంది.

హాస్టళ్ల నుంచి వచ్చే పిల్లలకి ఆ మాట చెప్పడం నేను మానేసి చాలా ఏళ్లయింది. అవసరం లేదు. వాళ్లు ఎప్పుడూ ఆ స్థితిలోనే వస్తారు.

తెల్లవారుజామున ఐదింటికి విజిల్, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్. ఆదివారం వీకెండ్ టెస్టు. ఇది పిల్లలు నాకు చెప్పిన లెక్క, మీ టైంటేబుల్ వేరేగా ఉంటే సంతోషం. పగటిపూట చీకటి గదిలో పడుకోబెడితే నిద్ర చాలినవాడికి కునుకు పట్టడానికి పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. నిద్ర పరీక్షల్లో సగటున ఎనిమిది నిమిషాల లోపే కునుకు పడితే అతి నిద్రమత్తు కింద లెక్క. మీ పిల్లలు నేను లైటు తీసి, వచ్చి కుర్చీలో కూర్చునేలోపు కండెలు వడికేస్తారు. కొందరైతే లీడ్లు అంటిస్తుండగానే నా చేతిమీదకి వాలిపోతారు. ఆ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు అంటారు. శ్రద్ధ కొలిచే యంత్రం కొనబోతున్నారు, శ్రద్ధ తయారయ్యేది ఆ గంటల్లోనేనని మీకు వేరే చెప్పాలా?

ఒక అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఏ ఊరో, ఏ ఏడాదో చెప్పను. క్లాసులో రెండుసార్లు పడిపోయింది, చేతులు కొట్టుకున్నాయి, ఫిట్స్ అని తీసుకొచ్చారు. గీతలు చక్కగా ఉన్నాయి. పరీక్ష మధ్యలో ఒకసారి అలాగే వచ్చింది. ఒళ్లంతా కొట్టుకుంటోంది, గీతల్లో కండల కదలిక తప్ప ఫిట్స్ గుర్తు లేదు. అది దొంగ రోగమనుకోకండి. డాక్టర్లు అలా అనరు. మనసులో పట్టనిది ఒంట్లోంచి వెళ్తుందంటారు. యంత్రం అక్కడి దాకా తీసుకెళ్లి ఆగిపోయింది. ఫిట్స్ కాదు, అంతవరకే దాని మాట.

అయ్యాక పేస్టు తుడవడానికి గోరువెచ్చని నీళ్లు, దూది తెచ్చాను. అది పది నిమిషాల పని, జుట్టు పీకకుండా నెమ్మదిగా తుడవాలి. "ఏం తిన్నావమ్మా పొద్దున?" అని అడిగాను. నేను అందర్నీ అడిగే ప్రశ్నే. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంకుల్, నన్ను కింది సెక్షన్‌లో వేశారు. నాన్నకింకా తెలీదు. ఈ ఆదివారం వస్తారు" అంది. రెండు నెలలుగా ఎవరికీ చెప్పని మాట, తలలో పేస్టు తుడిచేవాడికి చెప్పింది. నేను ఆమె అనుమతి అడిగి డాక్టరుగారికి చెప్పాను. ఆ ఆదివారం వాళ్ల నాన్న క్యారియర్‌తో వచ్చి చెట్టు కింద కూర్చుని ఏం అన్నాడో నాకు తెలియదు. ఆ పిల్ల మళ్లీ మా గదికి రాలేదు.

2025 జులై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కి చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో కొన్ని ఆదేశాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా అన్ని విద్యాసంస్థలూ పాటించాలంది. 100 మంది, అంతకు మించి పిల్లలున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచులు విడదీయకూడదు. నలుగురిలో పరువు తీయకూడదు. ఆ జాబితా చదువుతుంటే ఆ అమ్మాయే గుర్తొచ్చింది. అందులో పట్టీల ఊసు ఎక్కడా లేదు.

పట్టీలకయ్యే ఖర్చుతో ఎంతమంది కౌన్సెలర్లకి ఎన్ని నెలల జీతం వస్తుందో మీ అకౌంట్స్ వాళ్లు ఐదు నిమిషాల్లో చెప్తారు. ఆ కౌన్సెలర్ కూర్చునే గదికి ప్రిన్సిపాల్ గది మీదుగా దారి ఉండకూడదు. ఆ గదిలో చెప్పిన మాట డీన్ గారి ఫోన్‌కి రాకూడదు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. అది నోటీసు బోర్డు మీద పెట్టి, ఫోన్లు లాకర్లో పెడితే ఏం ప్రయోజనం? వార్డెన్‌ని అడక్కుండా పిల్లలు వాడుకునే ఫోను ఒకటి వరండాలో ఉండాలి.

కడియాలు కొనేశారా? పారేయకండి. నాడిని తెర మీద చూసుకుంటూ, నిమిషానికి ఆరుసార్లు ఊపిరి తీస్తే గుండె ఎలా కుదురుకుంటుందో పిల్లలు వాళ్లంతట వాళ్లు నేర్చుకోవచ్చు. సరదాగా ఉంటుంది, పరీక్ష ముందు పనికొస్తుంది. ఆ నంబరు ఆ పిల్లదే, కడియం తీయగానే చెరిగిపోవాలి.

ఇంకా నమ్మకం కుదరకపోతే నాదొక మనవి. కొనే ముందు మీరే ఒకసారి మా దగ్గరికి రండి. మీకే లీడ్లు పెడతాను, డాక్టరుగారితో చెప్పే ఉంచాను, డబ్బు అక్కర్లేదు. నుదుటి పట్టీ కూడా కట్టుకుని, మీ ఫీజు బకాయిల మీటింగు ఒకటి అక్కడే పెట్టుకోండి. ఎవరికి ఆకుపచ్చ వస్తుందో, ఎవరికి ఎరుపు వస్తుందో అందరం కలిసి చూద్దాం. పళ్లు బిగబట్టి ఒకసారి, వదులుగా ఒకసారి. సాయంత్రం ఆరు తర్వాత గది ఖాళీగానే ఉంటుంది.

ముందు రోజు తలంటుకోండి. నూనె మాత్రం రాయకండి.

ఇట్లు,
ఒక ఈఈజీ టెక్నీషియన్,
సూర్యారావుపేట, విజయవాడ